పదకొండో మిషను

చొక్కాను బల్ల మీద పరిచి, కాలరు సర్ది, చేతులు రెండూ బార్లా చాపి, చెకింగక్క ఒక అడుగు వెనక్కి జరిగింది. జరగకపోతే పైనున్న కెమెరాకి ఆమె తల అడ్డమొస్తుంది. అడ్డమొస్తే మేధావిగారు కీచుమని అరుస్తాడు.

మేధావిగారంటే మనిషనుకునేరు. ఈ చొక్కాల ఫ్యాక్టరీలో మూడు నెలల కిందట చెకింగు బల్లకి పైన బిగించిన కెమెరా, దానికి తోడు గోడకి తగిలించిన తెర. అంతే. బిగించడానికొచ్చిన ఇంజినీరమ్మ "ఇది కృత్రిమ మేధ అండీ, నేర్చుకుంటుంది" అని ఎంతో గౌరవంగా పరిచయం చేస్తే, కుట్టు లైనులో ఆడవాళ్లు అక్కడికక్కడే పేరు పెట్టేశారు. చొక్కాలో తప్పెక్కడుందో వెతికి దాని చుట్టూ ఎర్రగీత గీస్తాడు. మనిషి కంటికి ఆనని తప్పులు కూడా పట్టేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అంతటితో ఊరుకుంటే దండం పెట్టేవాళ్లు. ఊరుకోడు. ఆ తప్పు ఏ మిషను దగ్గర జరిగిందో నంబరు కూడా చెబుతాడు.

ఎర్రగీత పడింది. భుజం కింద చిటికెనవేలి గోరంత నూనె మరక. పక్కనే అంకె: పదకొండు.

'ఒప్పుకుంటున్నారా?' అని తెర అడిగింది. కింద రెండు మీటలు. అవును. కాదు.

'కాదు' నొక్కడం తేలికే. నొక్కాక 'అయితే ఎవరిది?' అని అడుగుతుంది. నూనె మరకకి ఊరా, పేరా? ఇరవై నాలుగు మిషన్ల మీదుగా, ఇరవై నాలుగు జతల చేతుల్లోంచి వచ్చిన చొక్కా మీద ఆ చుక్క ఎక్కడ పడిందో పైవాడికే తెలియాలి. పైగా 'కాదు'లు ఎక్కువైతే చెకింగక్క మార్కులు పడిపోతాయి. మనిషికీ యంత్రానికీ ఏపాటి పొత్తు కుదిరిందో వారం వారం చూస్తారు మరి.

చెకింగక్క లైను వైపు చూసింది. మూడో వరసలో, పదకొండో మిషను ముందు, వసపిట్ట తల వంచుకుని చొక్కా చేతికి కఫ్ కుడుతోంది. నోరు మూయిస్తే ఊపిరాడదని అందరూ ఏడిపించే పిల్ల. మూడు నెలల కిందట చేరిన రోజునే తన కథ, కూతురి కథ, చెప్పాపెట్టకుండా పారిపోయిన మొగుడి కథ లైను మొత్తానికి వినిపించి ఆ పేరు సంపాదించుకుంది. ఈ మూడు వారాలుగా మాత్రం పెదవి విప్పడం లేదు. రెండు హెచ్చరిక కాగితాలొచ్చాయి. మూడోది శుక్రవారం వస్తుంది. దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది, ఫ్యాక్టరీ వెనక క్వార్టర్లలో తల్లీకూతుళ్లుంటున్న ఒంటిగదీ పోతుంది.

చెకింగక్క 'అవును' నొక్కింది. నొక్కిన వేలు ఏప్రాన్‌కి తుడుచుకుంది.

ఆ మరక వసపిట్టది కాదని ఆమెకి తెలుసు. మేధావిగారి నోట ఆ అంకె ఎందుకొస్తోందో కూడా తెలుసు. అదీ అసలు బాధ.

కెమెరా రాకముందు తప్పులన్నీ చెకింగక్కే ట్యాబ్‌లో ఎక్కించేది. ఫోటో తియ్యాలి, మిషను నంబరు వెయ్యాలి. నంబరు వెయ్యకపోతే అది మొరాయించి ముందుకి కదలదు. కుట్టు జారితే ఆ పని ఎవరిదో చెప్పొచ్చు, మరకకి ఏం చెబుతాం? అప్పట్లో పదకొండో మిషను మోటారు కాలిపోయి, మీద గుడ్డ కప్పుకుని ఉండేది. మూలపడినా జాబితాలో దాని నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. ఒకరోజు దిక్కులేని మరక ఒకటి వస్తే చెకింగక్క దాని నెత్తిన రుద్దింది. ఎవరూ చీవాట్లు తినలేదు. మర్నాడూ రుద్దింది. తను సెలవు పెడితే బదులు కూర్చునేవాళ్లకీ ఆ ఉపాయం నేర్పింది. పోనుపోను అది లైనులో ఆచారమైపోయింది. ఎవరి చేతిలోంచైనా టీ కప్పు జారి పగిలినా "పదకొండు చేసింది" అని పడీపడీ నవ్వేవాళ్లు. ఐదేళ్లు. ఆ ఐదేళ్ల ఫోటోలూ అంకెలూ పోగేసి మేధావిగారికి చదువు చెప్పారు. సరిగ్గా ఆ వారంలోనే కొత్త మోటారు బిగించి, ఆ మిషను ముందు వసపిట్టని కూర్చోబెట్టారు.

వసపిట్ట వచ్చాక చెకింగక్క తనంతట తానుగా ఒక్కసారి కూడా పదకొండు అనలేదు. అనాల్సిన పని లేకపోయింది. యంత్రం అంటుంది, తను అవునంటుంది.

మధ్యాహ్నం భోజనాల గదిలో వసపిట్ట డబ్బా పట్టుకుని వచ్చి ఎప్పట్లాగే పక్కనే కూర్చుంది. మూత తియ్యలేదు.

"అక్కా, ఒక్క పూట నా పక్కన నిలబడి చూడవా? ఎక్కడ తప్పుతున్నానో నాకే అంతుపట్టడం లేదు."

"నీ కుట్టుకేమైందే? గీత గీసినట్టుంటుంది."

"కుట్టు కాదుగా అక్కా, మరకలు. ఇదిగో, గోళ్లు చూడు, నెత్తురొచ్చేదాకా కత్తిరించాను. మిషను రోజుకి ఐదుసార్లు తుడుస్తున్నాను. తలకి నూనె రాయడం మానేసి పదిహేను రోజులైంది, అదేమైనా అంటుకుంటోందేమోనని. పాపక్కూడా రాయడం లేదు, జడ వేసిన చేత్తోనే వస్తాను కదా." ఎండిపోయి రేగిన జుట్టుని చెవి వెనక్కి తోసుకుంది. "మనిషైతే నామీద పగబట్టాడనుకుందును. దానికి నా మొహం కూడా తెలీదు. అంటే నిజమే చెబుతూ ఉండాలి, అంతేనా?"

చెప్పెయ్యాలి. ఇప్పుడే. చెకింగక్క నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. నోరు ఖాళీ అయ్యేసరికి ధైర్యం కూడా ఖాళీ అయింది.

"కంగారుపడకు. చూద్దాంలే," అంది.

"నువ్వున్నావని ధైర్యం అక్కా," అని వసపిట్ట తన డబ్బాలోంచి సగం కూర తీసి ఆమె పళ్లెంలో వేసింది.

*

బుధవారం పొద్దున్నే చెకింగక్క పంతం పట్టి పనిలోకి దిగింది. మొదటి మరకకి మేధావిగారు పదకొండనగానే 'కాదు' నొక్కింది. ఎవరిదంటే రెండు అని వేసింది. తర్వాతది ఆరు. ఆ తర్వాతది పందొమ్మిది. ఇలా తలా కాస్త పంచిపెడితే ఎవరికీ బరువు కాదు కదా అనుకుంది. ఐదో చొక్కా దగ్గర తలెత్తి చూస్తే ఆరో మిషను పెద్దావిడ కళ్లద్దాల మీదుగా తనవైపే చూసి పలకరింపుగా నవ్వింది. చెకింగక్కకి ఆ నవ్వు సూదిలా దిగింది. మళ్లీ అదే పని చేస్తున్నాను కదా అనుకుంది. ఈసారి బతికున్న మనుషుల మీద.

పది గంటలకల్లా సూపర్‌వైజరు నవ్వుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే మేధావిగారితో కయ్యమా? మార్కులు చూసుకున్నావా? నేలకంటుతున్నాయి."

"అది చెప్పిందల్లా వేదమేనా ఏమిటి?"

"నువ్వు నేర్పిన చదువే కదా అక్కా. పిల్లాడు నీ మాటే నీకు అప్పజెబుతుంటే కాదంటావేంటి?"

అతను సరదాకే అన్నాడు. చెకింగక్కకి మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టైంది. తర్వాత వచ్చిన మరకకి ఏ నంబరూ తోచలేదు. చాలాసేపు మీట మీద వేలు పెట్టి నిలబడింది. వెనక చొక్కాలు గుట్ట పడుతుంటే మోసేవాడు గొణుగుతున్నాడు. 'అవును' నొక్కింది. ఆ తర్వాత సాయంత్రం వరకూ అవునే నొక్కింది.

షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర సూపర్‌వైజరు ఒక కాగితం ఊపుతూ కనబడ్డాడు. "శుక్రవారం దాకా ఆగక్కర్లేదు, వసపిట్ట సంగతి గొడవ లేకుండా తేలిపోయింది. తప్పు ఒప్పుకుంటే మంచిమాట రాసిస్తాం, ఇంకోచోట పని దొరుకుతుందని చెప్పాం. సంతకం పెట్టేసింది. రేపట్నుంచి రాదు. గదికి ఆదివారం దాకా గడువిచ్చాం, పాపం."

చెకింగక్క కాగితం లాక్కుని చదివింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. 'నా చేతులు శుభ్రంగా ఉంచుకోలేకపోవడం వల్ల ఈ తప్పులు జరిగాయి. ఇవి నావే.'

గేటు పక్కన దిమ్మె మీద కూర్చుంది. యంత్రం అబద్ధం చెప్పింది సరే. తను నోరు మూసుకుంది సరే. ఆ పిల్లకి ఇప్పుడు తన చేతుల మీదే నమ్మకం పోయింది. దానికేం జవాబు చెప్పాలి?

ఇంట్లో వదిన కూరలు ముందేసుకుని తరుగుతోంది. చెకింగక్క భర్తకి పెద్దక్క, ఈ ఇంట్లోనే ఉంటుంది, ఇదే ఫ్యాక్టరీలో నాలుగో మిషను మీద కాలరు కుడుతుంది. నాలుగేళ్లుగా ఆ మిషను మీద ఒక్క మరక పడలేదని నిరుడు యాజమాన్యం ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి గోడకి తగిలించుకుంది. ఇంటికెవరొచ్చినా ముందు దాన్ని చూపించి కానీ కుర్చీ వెయ్యదు.

చెకింగక్క ఆవిడ ఎదురుగా చతికిలబడి, ఊపిరి తీసుకోకుండా మొత్తం కక్కేసింది. పదకొండు సంగతి, మేధావిగారి చదువు సంగతి, సంతకం సంగతి. వదిన కత్తి ఆపలేదు.

"తప్పే చేశావు. దిక్కులేని మరకలని దిక్కులేని మిషను మీద వేశావు. అలా అవుతుందని నీకేం తెలుసు?"

"అన్నీ దిక్కులేనివి కావు వదినా."

కత్తి ఆగింది.

"నీ మిషనుకి నూనె ఎంతవరకు పొయ్యాలో గీత ఉంటుంది చూడు. అది నీకు కనబడటం లేదు. రోజూ ఎక్కువే పోస్తావు. అది కారి కాలరు వెనక పడుతుంది, కట్టల్లో పక్క చొక్కాలకీ అంటుతుంది. పడినట్టు కూడా నీకు కనబడదు. మొదటి మరక... అది నీదని తెలిసే పదకొండు మీద వేశాను."

వదిన చేతిలో ఉన్న ముక్కని కళ్లకి దగ్గరగా తెచ్చుకుని చూసింది.

"నాకు చూపు తగ్గిందని నీకెప్పుడు తెలిసింది?"

"ఐదేళ్లైంది."

"ఐదేళ్లా! ఒక్క మాట చెప్పొచ్చు కదే? అద్దాలు పెట్టించుకునేదాన్ని కదా. సూదిలో దారం ఎక్కక, నాకు చేతకాకుండా పోయిందని చాటుగా ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా నీకు?" కత్తి పక్కన పెట్టేసింది. "నన్ను కాపాడావనుకున్నావా? గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టావు."

చెకింగక్క మంచి చేశానని ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోయిన మాట నిజం. అబద్ధమైనా పుణ్యం కోసమే కదా అని సర్దిచెప్పుకున్న మాటా నిజం.

వదిన ముక్కు చీదుకుని మళ్లీ కత్తి అందుకుంది. "రేపు వెళ్లి చెప్పెయ్. నా నంబరు దాచకు. దాచావంటే ఈ జన్మలో నీతో మాట్లాడను."

*

గురువారం పదకొండో మిషను ముందు కుర్చీ ఖాళీ. ప్లగ్గు పీకేసి, మోటారు మీద గుడ్డ కప్పారు. కఫ్‌ల పని పన్నెండో మిషనుకి మళ్లించారు.

చెకింగక్క మేనేజరు ఎప్పుడొస్తాడా అని తలుపు వైపు చూస్తూనే చొక్కాలు పరుస్తోంది. ఎనిమిదో చొక్కా మీద, కాలరు వెనక, మరక. ఎర్రగీత పడింది.

పదకొండు.

ఆమె తెర వంకా ఖాళీ కుర్చీ వంకా మార్చి మార్చి చూసింది. చొక్కాని బల్ల మీదే వదిలేసి, వారం లెక్కలు చూడ్డానికొచ్చి ఎదురుపడిన ఇంజినీరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది.

"చూడండి. ఏమంటోంది?"

"పదకొండు."

"అక్కడెవరున్నారు?"

ఇంజినీరమ్మ మూడో వరస వైపు చూసింది. గుడ్డ కప్పిన మిషను దాకా నడిచి వెళ్లి, ప్లగ్గు చూసి, తిరిగొచ్చింది. "ఈ మిషను ఎప్పట్నుంచి ఆగిపోయింది?"

"ఇవాళ పొద్దున్నించి. ఈ మూడు నెలలకి ముందు ఐదేళ్లు."

మేనేజరు గదిలో ముగ్గురే ఉన్నారు. చెకింగక్క నిలబడే చెప్పింది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. నాలుగో మిషను సంగతి కూడా చెప్పింది.

"అది మీరు చూసింది నేర్చుకోలేదమ్మా, రాసింది నేర్చుకుంది," అంది ఇంజినీరమ్మ నెమ్మదిగా. "తెలియనప్పుడు తెలియదని చెప్పడం దానికి మేం నేర్పలేదు. తప్పు నాది కూడా. ఐదేళ్ల అంకెలు తీసుకున్నాను కానీ, ఆ అంకె వెనక మనిషి ఉందా లేదా అని ఒక్కసారి వచ్చి చూడలేదు."

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. మంచివాడే, బీపీ మనిషి. "ఐదేళ్ల రికార్డు ఉత్తుత్తిదని బయటికి పొక్కితే చొక్కాలు కొనేవాళ్లు మళ్లీ మన గడప తొక్కరు. ఒక పని చేద్దాం. సాఫ్ట్‌వేర్ లోపం అని రాద్దాం. దానికేం పరువుందని పోవడానికి? ఆ అమ్మాయి సంతకం చింపేస్తాను. సోమవారం నుంచి రమ్మనండి. గది ఖాళీ చెయ్యక్కర్లేదు. నాలుగో మిషనావిడకి కళ్ల పరీక్ష చేయించి, అప్పటిదాకా మడతల దగ్గర వేద్దాం. అందరికీ మంచిది."

"మరి నాకు సార్?"

"మీకేంటమ్మా?"

"నాకేం శిక్ష?"

ఆయన విసుక్కున్నాడు. "శిక్షేమిటి? లోపం పట్టిచ్చింది మీరు కదా. అలాగే రాస్తాను. వెళ్లి పని చూసుకోండి, బల్ల మీద గుట్ట పడుంటుంది."

చెకింగక్క బయటికొచ్చింది. ఎంత సులువుగా అయిపోయింది! నోరు లేనిదాని మీదకి మళ్లీ తోసేశారు, ఈసారి కంపెనీ ముద్ర వేసి మరీ. తల మీంచి బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. ఎవరైనా గట్టిగా నాలుగు తిట్టుంటే బాగుండేదనిపించింది.

*

సాయంత్రం క్వార్టర్లకి వెళ్లేసరికి ఒంటిగదిలో రెండు సంచులు సర్దేసి ఉన్నాయి. గోడల మేకులు ఖాళీగా ఉన్నాయి. కూతురు, రెండో తరగతి పిల్ల, గిన్నెలని పాత వార్తాపత్రికల్లో చుడుతోంది. వసపిట్ట నేల మీద కూర్చుని దుప్పటి మడతపెడుతోంది. చెకింగక్కని చూసి లేవబోయింది.

"కూర్చో. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. నీ కాగితం చింపేశారు. గదిక్కూడా ఢోకా లేదు."

వసపిట్ట అర్థం కానట్టు చూసింది.

"ఆ మరకలు నీవి కావే. ఒక్కటి కూడా నీది కాదు."

"నావి కావా?"

"కావు."

వసపిట్ట దుప్పటి వదిలేసి తన చేతులు రెండూ ముందుకి చాపుకుని, తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ఒక్కసారిగా గట్టు తెగింది. "చూశావా, నేననుకున్నాను! మొదట్లో అనుకున్నానక్కా, తర్వాత భయమేసింది, పోనీ నిద్రమత్తులో ఎక్కడైనా తాకుతున్నానేమో అని, నాకేమైనా జబ్బేమో అని కూడా! రాత్రి దీపం దగ్గర పెట్టుకుని వేళ్లు చూసుకునేదాన్ని, ఎక్కడైనా నూనె ఊరుతోందేమోనని. పిచ్చిదాన్నైపోతున్నాననుకో. ఏయ్ పిల్లా, విన్నావా? అమ్మ చేతులు మంచివేనటే!" నవ్వుతోంది, ఏడుస్తోంది, మధ్యలో మాట్లాడుతోంది. "ఆ యంత్రంలో ఏదో లోపమట కదా? ఇందాక సూపర్‌వైజరు ఫోన్లో ఏదో చెప్పాడు, నేను సరిగా వినలేదు, వెక్కిరిస్తున్నాడనుకుని పెట్టేశాను. పట్టుకున్నది నువ్వేనట! నాకు తెలుసక్కా. మంగళవారమే అన్నావుగా, చూద్దాంలే అని. అంత పెద్ద ఫ్యాక్టరీలో నాకోసం నోరెత్తింది నువ్వొక్కదానివే."

వసపిట్ట ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. గోళ్లు కత్తిరించిన వేళ్లు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి.

ఇక్కడితో లేచి వెళ్లిపోవచ్చు. మేనేజరు అలాగే రాస్తానన్నాడు. ఇంజినీరమ్మ వచ్చి చెప్పదు. వదిన నోరు విప్పదు. సోమవారం నుంచి ఈ పిల్ల మళ్లీ వాగుతుంది, రోజూ డబ్బాలోంచి సగం కూర తీసి తనకే వేస్తుంది. తను తింటుంది.

"యంత్రానిది కాదే," అంది చెకింగక్క. "నాది."

చెప్పింది. గుడ్డ కప్పిన మిషను గురించి, వదిన గురించి, ఐదేళ్ల గురించి. ఎక్కడా తనకి అనుకూలంగా మాట తిప్పకుండా చెప్పడానికి ప్రయత్నించింది. రెండు మూడు చోట్ల తిరిగిపోయింది, సర్దుకుని మళ్లీ చెప్పింది.

"అది పదకొండన్నప్పుడల్లా అవునని నొక్కింది నేనే."

"తెలిసేనా?"

"తెలిసే."

వసపిట్ట ఆమె చేతుల్ని విసిరికొట్టలేదు. మెల్లగా దించి, ఆమె ఒళ్లోనే పెట్టేసింది. గిన్నె చుడుతున్న పిల్ల కూడా ఆగి ఇద్దరినీ చూసింది.

"మూడు వారాలు," అంది వసపిట్ట. "రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు కదక్కా."

చెకింగక్క తల ఊపింది.

"అమ్మా, గిన్నెలు విప్పెయ్యనా?" అంది పిల్ల.

"విప్పెయ్. సోమవారం పనిలోకి వెళ్లాలి."

వసపిట్ట దుప్పటి అందుకుని, సగం పెట్టిన మడతని మళ్లీ మొదటినుంచి పెట్టడం మొదలుపెట్టింది. చెకింగక్క లేచి, గడప దాటి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. నలుగురూ వినేలా తిడుతుందేమోనని చూసింది. ఇంకెప్పుడూ మొహం చూపించొద్దంటుందేమోనని చూసింది. వసపిట్ట ఒక్క మాట కూడా అనలేదు.